కతోలిక బోధనలో మనస్సాక్షి, అసమ్మతి, స్వలింగాకర్షణ: కృష్ణా డెల్టా కోణం

స్వలింగాకర్షణ గురించి కతోలిక శ్రీసభ బోధన క్లుప్తంగా ఇది: ఆ ఆకర్షణ కలిగి ఉండడం పాపం కాదు, ఆ చర్యకు దిగడం పాపం. మనస్సాక్షి గురించి బోధన కూడా అంతే క్లుప్తం. నిశ్చయంగా తోచిన మనస్సాక్షి తీర్పును మనిషి పాటించి తీరాలి. ఆ మనస్సాక్షిని సత్యానికి తగ్గట్టు తీర్చిదిద్దుకునే బాధ్యతా అతనిదే. విడివిడిగా చూస్తే దేనితోనూ పెద్ద పేచీ లేదు. ఒక విశ్వాసి చదివి, ప్రార్థించి, గురువుతో మాట్లాడి, చివరికి "శ్రీసభ తప్పంటున్నది నాకు తప్పని తోచడం లేదు" అన్నప్పుడు ఈ రెండు బోధనలూ ఎదురెదురు పడతాయి. అసమ్మతి అనే మూడో సమస్య అక్కడ పుడుతుంది. ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయాల్లో అది గ్రంథాల తగాదా. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో మాత్రం అది ఎక్కువగా పెళ్లిచూపుల దగ్గరే ఎదురవుతుంది.

డెల్టాలో కతోలికులు

కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడికి ప్రసిద్ధం. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రచనకు ప్రేరణ పొందింది అక్కడేనంటారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవం అనగానే ముందు గుర్తొచ్చేది ప్రొటెస్టంటు సంఘాలు. 1841లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో దిగినప్పటి నుంచి ఇంగ్లండు చర్చి మిషనరీ సొసైటీకి ఆ పట్నం కేంద్రం. ఆ వారసత్వం 1947 తర్వాత సి.ఎస్.ఐ.కి చేరింది. బాప్టిస్టులు, పెంతెకోస్తువారు, ఏ సంఘానికీ చెందని స్వతంత్ర పాస్టర్లు మిగతా జాగా నింపారు. వీళ్లందరి మధ్య కతోలికులను జనం గుర్తుపట్టేది మూడు పొడి అక్షరాలతో: ఆర్.సి.ఎం. ఆర్.సి.ఎం. చర్చి, ఆర్.సి.ఎం. బడి, ఆర్.సి.ఎం. వాళ్లు.

హైదరాబాదు పీఠం నుంచి విడదీసి 1933లో బెజవాడ మిషన్ ఏర్పాటు చేశారు. 1937లో అది పీఠమైంది. మిలాను నగరానికి చెందిన పీమే సంస్థ గురువులు దాన్ని నిలబెట్టారు. 1976లో ఏలూరు విడిపోయాక మిగిలిన విజయవాడ పీఠం కిందికే బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు విచారణలు వస్తాయి. ఈ పీఠంలో సామాన్య జనం భక్తి గుణదల కొండ మీదా, పెద్దావుటపల్లిలో 1945లో కన్నుమూసిన బ్రదర్ జోసఫ్ తంబి సమాధి దగ్గరా కనిపిస్తుంది. వాటికన్ పత్రాలు చదివి మతం నేర్చుకున్నవాళ్లు ఇక్కడ కొద్దిమందే. బోధన ఉపదేశి నోటి నుంచి, ఆదివారం ప్రసంగం నుంచి, మఠకన్యల బడి నుంచి చేరుతుంది. అలా చేరేటప్పుడు స్వలింగాకర్షణ అన్న అంశం దాదాపు జారిపోతుంది. దాన్ని ఖండించే ప్రసంగాలు పెంతెకోస్తు సభల్లో వినపడినంతగా కతోలిక పూజలో వినపడవు. ఈ మౌనాన్ని కొందరు దయ అనుకుంటారు. ఆ మౌనం మధ్య పెరిగిన కుర్రవాడికి మాత్రం అది దయలా అనిపించకపోవచ్చు. తన గురించి శ్రీసభ ఏమంటుందో తెలియక, ప్రక్క సంఘం మైకులో విన్నదే మొత్తం క్రైస్తవం అనుకునే ప్రమాదం అతనికి ఎక్కువ.

మనస్సాక్షి: పాత వాదం, కొత్త మాట

రోమీయులకు రాసిన లేఖ రెండో అధ్యాయంలో పౌలు, ధర్మశాస్త్రం ఎరగని అన్యజనుల హృదయాల్లో కూడా దాని సారం రాసి ఉందని, వారి మనస్సాక్షే అందుకు సాక్ష్యమని అంటాడు. మధ్యయుగపు పండితులు పేచీ పడ్డది దీని తరువాతి మెట్టు దగ్గర: మనస్సాక్షి పొరబడితే? శ్రీసభ ఆజ్ఞకూ మనస్సాక్షికీ వైరుధ్యం వస్తే ఆజ్ఞకే లొంగాలని పీటర్ లొంబార్డు పక్షం. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వైనాస్ ఒప్పుకోలేదు. వెలివేతకు గురై చావాల్సి వచ్చినా సరే మనస్సాక్షికి విరుద్ధంగా నడవకూడదన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ గట్టిది: క్రీస్తును విశ్వసించడం చెడు అని నిజంగా నమ్మినవాడు, ఆ నమ్మకం ఉండగానే విశ్వసిస్తే పాపం చేసినట్టే. కానీ అదే అక్వైనాస్ ఇంకొకటీ జోడించాడు. పొరపాటుకు కారణం తన నిర్లక్ష్యమే అయితే మనస్సాక్షిని పాటించినంత మాత్రాన మనిషి నిర్దోషి కాడు. కతోలిక చర్చలో రెండు వైపులవాళ్లూ అక్వైనాస్‌నే పట్టుకు వస్తారు. ఒకరు మొదటి సగం చదువుతారు, ఇంకొకరు రెండో సగం.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ వాదాన్ని పైకి తెచ్చినవాడు జాన్ హెన్రీ న్యూమన్. 1870లో పాపుగారి పొరపాటులేనితనం విశ్వాస సత్యంగా ప్రకటితమయ్యాక, కతోలికులు ఇక దేశానికి నమ్మకస్తులు కాలేరని బ్రిటన్ రాజకీయ నాయకుడు గ్లాడ్‌స్టన్ దాడి చేశాడు. దానికి జవాబుగా న్యూమన్ 1875లో నార్‌ఫోక్ ప్రభువును ఉద్దేశించి రాసిన లేఖలో పాపుగారికన్నా ముందు మనస్సాక్షి పేరే ఎత్తాడు. మనసుకు తోచిందల్లా చేసుకుపోవడాన్ని మనస్సాక్షి అనవద్దని కూడా అందులోనే హెచ్చరించాడు. ఆయన 2019లో పునీతుడయ్యాడు.

రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న వెలువరించిన రెండు పత్రాల్లో ఈ బోధన స్థిరపడింది. ఆధునిక ప్రపంచంలో శ్రీసభ గురించిన పత్రం మనస్సాక్షిని మనిషి దేవునితో ఒంటరిగా ఉండే అంతరంగ గర్భగుడిగా చూపింది. మత స్వేచ్ఛ గురించిన పత్రం, తన మనస్సాక్షికి విరుద్ధంగా నడవమని ఎవరినీ బలవంతపెట్టరాదంది. ఈ రెండో పత్రం వెనక కథ అసమ్మతి చరిత్రకు ముఖ్యం. మత స్వేచ్ఛను సమర్థించినందుకు అమెరికా జెస్విట్ జాన్ కోర్ట్‌నీ మరే 1950లలో ఆ విషయం మీద రాయకుండా అడ్డుకోబడ్డాడు. పదేళ్లు తిరిగేసరికి ఆ పత్రం తయారీలో ప్రధాన హస్తం ఆయనదే అయింది. ఇవాళ నోరు మూయించబడ్డవాడే రేపు గురువు కావచ్చన్న ఆశను తర్వాతి అసమ్మతివాదులందరికీ ఇచ్చింది మరే కథే. అడ్డుకోబడ్డ ప్రతివాడూ మరే కాదన్నది సంప్రదాయవాదుల జవాబు. అదీ నిజమే.

స్వలింగాకర్షణపై బోధన ఎలా రూపొందింది

ఆకర్షణనూ చర్యనూ వేరుచేసి చూడడం కతోలిక పత్రాల్లో 1975 డిసెంబరు నాటి లైంగిక నీతి ప్రకటన నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. 1986 అక్టోబరు 1న కార్డినల్ రాట్జింగర్ సంతకంతో మేత్రాణులందరికీ వెళ్లిన లేఖ ఆ తేడాను ఉంచుతూనే స్వరం కఠినం చేసింది. ఆకర్షణ పాపం కాకపోయినా తటస్థమైనదీ కాదని, అది క్రమం తప్పిన మొగ్గు అని అంది. 1992 సత్యోపదేశ గ్రంథం 2357 నుంచి 2359 వరకు మూడు పేరాల్లో విషయం తేల్చింది: చర్యలు ప్రకృతి నియమానికి విరుద్ధం, ఆ వ్యక్తులను గౌరవంతో, కరుణతో, సున్నితంగా స్వీకరించాలి, అన్యాయమైన వివక్ష చూపరాదు, వారు బ్రహ్మచర్య జీవితానికి పిలువబడ్డారు. 1997 నాటి అధికారిక లతీను ప్రతిలో ఒక సవరణ జరిగింది. ఈ స్థితిని వారు ఎంచుకోలేదన్న వాక్యం తొలగి, ఆ మొగ్గు క్రమం తప్పినదన్న మాట చేరింది. ఐదేళ్లలో ఇంత చిన్న పేరాలో ఇంత బరువైన మార్పు ఈ గ్రంథంలో అరుదు.

లేఖన ఆధారాలుగా ఆదికాండం 19, లేవీయకాండం 18, 20, రోమీయులకు లేఖ 1, కొరింతీయులకు మొదటి లేఖ 6 చూపుతారు. సొదొమ కథ విషయంలో మాత్రం శ్రీసభ సొంత పండితులే జాగ్రత్త పడ్డారు. ఆ పట్టణపు దోషం గర్వం, పేదలను ఆదుకోకపోవడం అని యెహెజ్కేలు గ్రంథం 16వ అధ్యాయంలోనే ఉంది. వాటికన్ బైబిల్ సంఘం 2019 చివర వెలువరించిన అధ్యయనం కూడా ఆ కథలో అతిథుల మీద దౌర్జన్యాన్నే ప్రధానంగా చూసింది. మిగతా వచనాలను అది పక్కన పెట్టలేదు. ఏమైనా, కతోలిక వాదం ఒక్క వచనం మీద నిలబడదు. స్త్రీపురుషుల భేదం, పిల్లలకు తెరిచి ఉన్న దాంపత్యం అన్న రెండు స్తంభాల మీద నిలబడుతుంది. గర్భనిరోధాన్ని తప్పన్నదీ ఈ తర్కమే. కాబట్టి ఒకటి కదిలితే రెండోది కదులుతుందన్న భయం రోము వైపు ఎప్పుడూ ఉంది.

అన్యాయమైన వివక్ష వద్దన్న వాక్యం వినడానికి తేట. ఆచరణలో అంత తేట కాదు. 1992లోనే రాట్జింగర్ కార్యాలయం అమెరికా మేత్రాణులకు పంపిన పత్రం, దత్తత, ఉపాధ్యాయుల నియామకం వంటి చోట్ల తేడా చూపడం అన్యాయం కాకపోవచ్చంది. ఏ వివక్ష న్యాయం, ఏది అన్యాయం అని తేల్చే పని అలా స్థానిక శ్రీసభల నెత్తిన పడింది.

అసమ్మతి ఎంతవరకు

కతోలిక బోధనలన్నీ ఒకే బరువు కలవి కావు. విశ్వాస సత్యంగా ప్రకటించినదాన్ని కాదంటే అది మత విరోధం. ఆ స్థాయికి రాని అధికారిక బోధనకు బుద్ధి, సంకల్పం రెండూ లోబరచాలని 1983 నాటి శ్రీసభ చట్టం 752వ సూత్రం అంటుంది. అదే చట్టం 212వ సూత్రం, శ్రీసభ మేలుకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయాన్ని కాపరులకు తెలియజేసే హక్కు, కొన్నిసార్లు బాధ్యత కూడా విశ్వాసులకు ఉందంటుంది. స్వలింగ చర్యల మీద బోధన ఏ పాపూ పీఠం నుంచి ప్రత్యేకంగా ప్రకటించిన సత్యం కాదు. అయితే మేత్రాణులందరూ అన్ని కాలాల్లో ఏకగ్రీవంగా బోధించింది కాబట్టి పొరపాటులేనిదేనని ఒక వర్గం వేదాంతులు అంటారు. ఆ ఏకగ్రీవం ఎన్నడూ పరీక్షకు నిలవలేదని మరో వర్గం. మొత్తం వివాదానికి ఇరుసు ఇదే. కింది స్థాయి వాదాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

1968 జులైలో ఆరో పౌలు పాపుగారు గర్భనిరోధంపై విశ్వలేఖ విడుదల చేసినప్పుడు అమెరికా వేదాంతి చార్లెస్ కరన్ నాయకత్వంలో వందలమంది బహిరంగంగా విభేదించారు. 1986లో రోము కరన్‌ను కతోలిక వేదాంతం బోధించడానికి అనర్హుడంది. ఆయన మీద వచ్చిన అభ్యంతరాల్లో స్వలింగ సంబంధాలపై ఆయన వైఖరి కూడా ఉంది. జెస్విట్ జాన్ మెక్‌నీల్ 1976లో స్వలింగ ప్రేమను సమర్థిస్తూ పుస్తకం రాసి, 1987లో జెస్విట్ సభ నుంచి బహిష్కృతుడయ్యాడు. 1990 మేలో వచ్చిన వేదాంతుల బాధ్యతల పత్రం ఒక గీత గీసింది: లోలోపల సంశయం, పై అధికారులకు విన్నవించుకోవడం ఒప్పు, పత్రికలకెక్కి ప్రజాభిప్రాయంతో ఒత్తిడి తేవడం తప్పు. ఇలాంటి వ్యవహారాలు మనకు దూరమనుకోనక్కర లేదు. పొరుగున శ్రీలంకలో టిస్సా బాలసూరియ అనే గురువు ఆదిపాపం, మరియమాత విషయాల్లో రాసిన రాతలకు 1997 జనవరిలో వెలివేతకు గురై, సరిగ్గా ఏడాదికి రాజీతో తిరిగి వచ్చాడు.

సిస్టర్ జెనీన్ గ్రామిక్ కథ మరీ విచిత్రం. ఆమె, ఫాదర్ రాబర్ట్ న్యూజెంట్ కలిసి 1977లో స్వలింగాకర్షణ గల కతోలికుల కోసం అమెరికాలో ఒక సంస్థ స్థాపించారు. 1999 మేలో రోము ఇద్దరినీ ఆ సేవ నుంచి శాశ్వతంగా నిషేధించింది. న్యూజెంట్ తలవంచాడు. గ్రామిక్ వంచలేదు, ఒక మఠసభ వదిలి ఇంకొక దానిలో చేరి పని సాగించింది. 2023 అక్టోబరులో ఫ్రాన్సిస్ పాపుగారు ఆమెను వాటికన్‌కు పిలిచి మాట్లాడారు. నిషేధపు కాగితం అలాగే ఉంది, ఆహ్వానమూ అందింది. రోము మార్పు ఇలాగే వస్తుంది: పాత పత్రాన్ని చింపరు, దాని పక్కన కుర్చీ వేస్తారు.

తెలుగు నేలమీద కతోలిక అసమ్మతికి అసలు బడి కులం. భారత మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో ప్రకటించిన దళిత విధానం, దేశంలోని సుమారు 1.9 కోట్ల కతోలికుల్లో 1.2 కోట్లమంది దళితులని చెబుతూ, శ్రీసభ లోపల కూడా అంటరానితనం ఉందని ఒప్పుకుంది. వేరు శ్మశానాలు, నాయకత్వంలో కొరత వంటివాటి మీద దశాబ్దాల పోరు లేకుండా ఆ ఒప్పుకోలు రాలేదు. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు అగ్రపీఠాధిపతి కావడం, 2022 ఆగస్టులో పూల అంతోని కార్డినల్ కావడం ఆ దారిలోనివే. దీనికి ఇంకో అంచు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడినని కాగితం మీద రాస్తే షెడ్యూల్డు కులం హక్కు పోతుంది. అందుకే డెల్టా పల్లెల్లో ఆఫీసులో ఒక పేరు, ఆదివారం పూజలో ఇంకో పేరు అన్నది తెలియని సంగతి కాదు. ఆగస్టు 10ని నిరసన దినంగా పాటిస్తూ శ్రీసభ ఈ ఉత్తర్వునే తప్పుపడుతుంది, దాని కింద నలిగేవారిని కాదు. దాచుకుని బతికే మనిషిని నిలదీయకుండా, దాచుకునే అవసరం కల్పించిన ఏర్పాటును నిలదీయడం ఇక్కడి కతోలికులకు కొత్త కాదన్నమాట. స్వలింగాకర్షణ విషయంలో ఆ తర్కం ఇంకా మాటల్లోకి రాలేదు, అంతే.

నేరమా, పాపమా

1862లో అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షను స్వలింగ సంపర్కాన్ని నేరం చేసింది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు వయోజనుల ఏకాంత సమ్మతి విషయంలో దాన్ని కొట్టేసింది. ఉత్కళ్ క్రిస్టియన్ కౌన్సిల్, అపోస్టలిక్ చర్చెస్ అలయన్స్ వంటి కతోలికేతర క్రైస్తవ సంఘాలు సుప్రీంకోర్టులో ఆ తీర్పును ఎదిరించాయి. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు సెక్షనును తిరిగి నిలబెట్టింది. ఆ వారంలోనే ముంబయి కార్డినల్ ఓస్వాల్డ్ గ్రేషియస్ వేరే మాట చెప్పారు: స్వలింగ వివాహాన్ని శ్రీసభ ఒప్పుకోదు, కానీ ఆ వ్యక్తులను నేరస్థులుగా ఎన్నడూ చూడలేదు, కాబట్టి నేరం తొలగించడానికి అడ్డు చెప్పదు. దేశంలో పెద్ద మతనాయకులు చాలామంది ఆ తీర్పును ఆహ్వానించిన రోజులవి. పదేళ్ల తర్వాత, 2023 జనవరిలో, ఫ్రాన్సిస్ పాపుగారు అసోసియేటెడ్ ప్రెస్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూలో స్వలింగాకర్షణ నేరం కాదన్నారు. ప్రపంచ పత్రికలు దాన్ని కొత్త వార్త చేశాయి. ముంబయికి అది పాత వార్త.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377ను సమ్మతి సంబంధాలకు వర్తించకుండా చేసింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. పెళ్లి హక్కు కోసం వేసిన కేసులో ముందు నిలిచింది హైదరాబాదులో ఉంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ జంట. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. సహజీవనానికి చట్టబద్ధ గుర్తింపు ఇవ్వాలన్న మాట మీద 3-2గా విడిపోయారు, గుర్తింపు రాలేదు. ఇక్కడ శ్రీసభ ప్రభుత్వం పక్షానే ఉంది. కేరళ కేంద్రంగా ఉన్న సిరో మలబారు శ్రీసభ అయితే స్పష్టంగా వ్యతిరేకత తెలిపింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల విషయంలో, వయసు వచ్చిన స్త్రీ తాను ఎంచుకున్న తోడుతో ఉండవచ్చని, తండ్రి అడ్డుపడరాదని చెప్పింది. ఆ కేసుకు శ్రీసభతో సంబంధం లేదు. కానీ విజయవాడ పీఠం గుమ్మం ముందే చట్టం అంత దూరం నడిచిందన్నది గురువులు గమనించక తప్పదు.

ఆశీర్వాదాల గొడవ

పాపాన్ని దేవుడు ఆశీర్వదించలేడు గనుక స్వలింగ జంటలను ఆశీర్వదించరాదని 2021 మార్చిలో రోము తేల్చింది. 2023 డిసెంబరు 18న రోమే ఇంకో పత్రం ఇచ్చింది: పూజావిధి రూపం లేకుండా, పెళ్లిలా కనిపించకుండా, అడిగిన జంటను గురువు ఆశీర్వదించవచ్చు, దానివల్ల వారి సంబంధం ధర్మబద్ధమని ముద్ర వేసినట్టు కాదు. ఆఫ్రికా మేత్రాణులు తమ దగ్గర కుదరదన్నారు. రోము 2024 జనవరిలో వివరణ ఇస్తూ ఇది పది పదిహేను సెకన్ల ప్రార్థన అని చెప్పుకోవాల్సి వచ్చింది. సంబంధాన్ని కాక మనుషులను ఆశీర్వదిస్తున్నామన్న వాదం నిలబడుతుందా అంటే, తర్కంగా కష్టమే. గుణదలలో ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఉత్సవాలు చూసినవారికి మాత్రం ఆ వాదం అర్థమవుతుంది. తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, గురువు ముందు తలవంచే వేలమందిలో హిందువులెందరో. ఏ మతం, ఏ కాపురం అని అడిగి నుదుట సిలువ గుర్తు వేసే గురువు అక్కడ ఉండడు.

ఫ్రాన్సిస్ తర్వాత 2025 మే 8న ఎన్నికైన పధ్నాలుగో లియో పాపుగారు ఆ ఏడాది ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో అందరినీ స్వాగతించే ధోరణి కొనసాగుతుందని, బోధన మాత్రం సమీప కాలంలో మారే అవకాశం లేదని సూచించారు.

పెళ్లి పీట మీద మనస్సాక్షి

డెల్టా కతోలిక కుటుంబాల్లో ఇదంతా చివరికి తగిలే చోటు పెళ్లి. పాతికేళ్లు దాటిన కొడుకు సంబంధాలు వద్దంటే మొదట ఉద్యోగం సాకు, తర్వాత జాతకం లేదు కాబట్టి గుణదల మొక్కు, ఆపైన బలవంతం. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకం హిందూ ఇళ్లలో ఎంతో ఆర్.సి.ఎం. ఇళ్లలోనూ అంతే. కూతుళ్ల విషయంలో ఆ మాత్రం సాకులకూ వ్యవధి ఉండదు.

శ్రీసభ చట్టం ఈ చోట కుటుంబం పక్షాన లేదు. 1057వ సూత్రం ప్రకారం పెళ్లిని పెళ్లి చేసేది ఇద్దరి సమ్మతి. ఆ సమ్మతిని వారి బదులు మరే మానవ శక్తీ ఇవ్వలేదు. బలవంతం వల్ల గాని, తప్పించుకునే దారి వేరే లేని తీవ్ర భయం వల్ల గాని జరిగిన పెళ్లి చెల్లదని 1103వ సూత్రం. తల్లిదండ్రుల మీది గౌరవంతో కూడిన భయం కూడా, తీవ్రమైతే, ఈ కోవలోకి రావచ్చని శ్రీసభ న్యాయస్థానాలు ఎప్పటినుంచో అంటున్నాయి. పెళ్లికి ముందు విచారణ గురువు వధూవరులను విడివిడిగా కూర్చోబెట్టి, ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నారా అని అడగాలి. వరుస ఆదివారాల్లో పెళ్లి ప్రకటనలు చదివేది కూడా అడ్డంకి ఏదైనా ఉంటే బయటపడాలనే. చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే చెప్పుకోవడానికి ఇంతకన్నా అధికారికమైన క్షణం ఒక కతోలికుడి జీవితంలో లేదు. అయితే ఆ పక్క గదిలోనే మేనమామ, పెదనాన్న కూర్చుని ఉంటారు. శుభలేఖలు పంచడం, షామియానాకు బయానా ఇవ్వడం అయిపోయి ఉంటుంది. ఆ ప్రశ్నకు కుదురైన జవాబు రావాలంటే నిశ్చితార్థానికి ముందే అడగాలి. నా దృష్టిలో బోధన మారక్కర్లేకుండా ఒక పీఠం రేపే చేయగలిగిన పని ఇది.

పాపసంకీర్తనం సంగతి వేరు. అక్కడ చెప్పింది గురువు ఏ కారణంతోనూ బయటపెట్టరాదు. పెళ్లి ఆపించడానికి కూడా ఆ సమాచారం వాడుకోలేడు. స్వలింగాకర్షణ ఉందని ఒక యువకుడు పాపసంకీర్తనంలో చెప్పి, వారం తిరక్కుండా అదే గురువు ముందు పెళ్లి ప్రమాణానికి నిలబడితే, పాపసంకీర్తనంలోనే అతనికి హితవు చెప్పడం తప్ప గురువుకు ఇంకో దారి లేదు. ఇతర దేశాల నీతిశాస్త్ర గ్రంథాలు దీన్ని ఊహాజనిత సమస్యగా చర్చిస్తాయి. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్ల నేలలో ఇది ఊహ కాదు.

ఇంతవరకు చెప్పిందంతా స్వలింగాకర్షణ గలవారి మనస్సాక్షి గురించి. ఈ కథలో ఇంకో మనిషి ఉంది. ఏమీ తెలియకుండా మెడలో తాళి కట్టించుకున్న స్త్రీ. అసమ్మతి వాదంలో గాని, సంప్రదాయ వాదంలో గాని ఆమె ఊసు కనిపించేది తక్కువ. శ్రీసభ చట్టంలో మాత్రం ఆమెకు చోటుంది. దాంపత్య జీవితాన్ని తీవ్రంగా దెబ్బతీసే గుణాన్ని దాచి సమ్మతి రాబట్టడం 1098వ సూత్రం కింద మోసం. ఆ పెళ్లి చెల్లదు. మానసిక కారణాల వల్ల దాంపత్యపు ముఖ్య బాధ్యతలు మోయలేనివారి సమ్మతి చెల్లదనే 1095వ సూత్రం కిందా, పైకి ప్రమాణం చేస్తూ లోపల దాంపత్యాన్నే తిరస్కరించినవారికి వర్తించే 1101 కిందా కూడా ఇలాంటి అర్జీలు విచారిస్తారు. స్వలింగాకర్షణ అన్న మాట ఈ సూత్రాల్లో ఎక్కడా లేదు. న్యాయమూర్తులు ఒక్కో కేసును దాని పూర్వాపరాలతో తూచాలి. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో తెచ్చిన సంస్కరణతో రెండు తీర్పులు ఏకం కావాలన్న పాత నియమం పోయింది. ఒక్క తీర్పు చాలు. వీలైనంతవరకు ఉచితంగా జరపాలని కూడా ఆ సంస్కరణ కోరింది.

దేశ చట్టం దీనితో కలిసి నడవదు. క్రైస్తవుల విడాకులు 1869 నాటి చట్టం కింద, 2001 సవరణలతో, జరుగుతాయి. క్రూరత్వం, కాపురానికి మొండిగా నిరాకరించడం అందులో కారణాలు. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలూ ఆ సవరణతోనే వచ్చింది. 1996లో మోలీ జోసఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చినదాన్ని బట్టి, పీఠ న్యాయస్థానం ఇచ్చిన రద్దుకు చట్టం ముందు విలువ లేదు. పీఠం పెళ్లి చెల్లదన్నాక గుడివాడలోనో బందరులోనో జిల్లా కోర్టు డిక్రీ తెచ్చుకోకుండా ఆమె మళ్లీ పెళ్లాడితే, శ్రీసభ దృష్టిలో అది మొదటి పెళ్లి, చట్టం దృష్టిలో చెల్లని రెండో పెళ్లి.